కోడ్ వచ్చినోళ్లే చాలరు



కర్నూలు, కడప తండాల్లో మన పెద్దోళ్లు పలికే గోర్ బోలి మాటలకు ఒక వెబ్‌సైట్ చేయాలని నా కోరిక. నాకు కోడింగ్ వచ్చు. అదే వచ్చినోళ్లు ఇంకో నలుగురు కలిస్తే సైట్ తయారైతాది, లోపల మాటలుండవు.

కడపలో సి.పి. బ్రౌన్ సొంత డబ్బుతో పండితులను, నకలు రాసేవాళ్లను పెట్టుకున్నాడు. ఒకరు ప్రతులు రాస్తే, ఇంకొకరు పాఠాలు సరిచూసేవారు. 1852 నాటి తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వెనుక అట్లాంటి చేతులు చాలా ఉన్నాయి. కానీ జనానికి గుర్తున్నది బ్రౌన్ పేరే.

ఇప్పుడు ఒకే ఊర్లో ఉండే పనే లేదు. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో ఒకరి ముఖం ఒకరు చూడనోళ్లు కూడా కలిసి పనిచేస్తున్నారు. ఒకరు వ్యాసం రాస్తారు, ఒకరు ఫొటో పెడతారు, ఒకరు తప్పులు దిద్దుతారు.

అందుకే "ఇంట్రెస్ట్ ఉన్నోళ్లు రండి" అంటే సరిపోదు. ఏం వచ్చు, ఏం రాదు, వారానికి ఎన్ని గంటలు ఇస్తారు, ఇవి చెప్పండి. అవ్వ పక్కన కూర్చుని రికార్డు చేసేవాళ్లు కావాల. మన బోలికి వాడుకలో సొంత లిపి లేదు గనక, విని తెలుగు అక్షరాల్లో ఒకే తీరున రాసేవాళ్లు కావాల.

గొంతు నెట్‌లో పెట్టేముందు అవ్వను అడగాల. ఆమె పేరు మన పేర్లకన్నా పైన ఉండాల.

కోడ్ నేను రాస్తా. విని రాసేది ఎవరు?