నీలం బుడ్డి

సెంటు మీద వ్యాసమా, అదీ మన సావనీరులోనా అని నవ్వేవాళ్ళు నవ్వండి. కరువు మీద, వేరుశెనగ మీద, ఎండిన బోర్ల మీద మనవాళ్ళు ఏటా రాస్తూనే ఉన్నారు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే అదే పదివేలనుకునే సీమలో అత్తరు, సెంటు అనే మాటలు డాబుగానే వినిపిస్తాయి. కానీ నాకు తోచేదేమంటే, నీళ్ళు లేని చోటనే వాసనకు విలువెక్కువ. ఇంట్లో మల్లెతీగ బతకాలంటే రోజూ బిందెడు నీళ్ళు పోయాలి. తాగడానికే ట్యాంకరు కోసం కాచుకునే ఊళ్ళో ఆ బిందె ఎవరిస్తారు? పూలు బస్సెక్కి రావలసిందే. మూర కొలిచి అమ్మేవాడి మోచెయ్యి కరువు ఏట ఇంకాస్త పొట్టిదవుతుంది.

అలాగని సువాసన ఈ ప్రాంతానికి కొత్తదేం కాదు. 1443లో విజయనగరం చూసిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్, ఆ నగరవాసులకు తిండి ఎంత అవసరమో గులాబీలూ అంతే అవసరమన్నట్టు రాశాడు. ఆ రాజుల పెనుకొండ మనకు బస్సు దూరమే.

మా జేజి ట్రంకుపెట్టెలో, పట్టుచీర మడతల మధ్య, ముదురు నీలం గాజుబుడ్డి ఒకటుంది. పేరు 'ఈవినింగ్ ఇన్ పారిస్'. 1928లో పారిస్‌లో బుర్జువా కంపెనీ విడుదల చేసింది (కామ్రేడ్లు ఉలిక్కిపడనక్కరలేదు, అది ఒకాయన ఇంటిపేరు మాత్రమే). దాన్ని తయారుచేసిన ఎర్నెస్ట్ బో మాస్కోలో పుట్టినవాడు. 1921 నాటి ప్రఖ్యాత 'షనెల్ నంబర్ 5' కూడా ఆయన చేతిదే. ఉత్తర ధ్రువం వైపు, నడిరాత్రి సూర్యుడి కింద సరస్సులు వదిలే చల్లదనాన్ని అందులో పట్టాలనుకున్నానని ఆయన తర్వాత చెప్పుకున్నాడు. నీళ్ళు చూసిన మనిషి కల అది!

అదే 1928 నవంబరులో, నంద్యాల సభలో, అనంతపురం కాలేజీలో పాఠాలు చెప్పిన చిలుకూరి నారాయణరావు గారు దత్తమండలాలకు 'రాయలసీమ' అనే పేరు ప్రతిపాదించారు. అంటే మన సీమ పేరూ, జేజి బుడ్డీ ఒక ఈడువన్నమాట.

కళ్యాణదుర్గం దగ్గరి మా పల్లెకు అది ఎట్లా చేరింది? మా తాత లారీ డ్రైవరు. 1967లో 'యాన్ ఈవినింగ్ ఇన్ పారిస్' అని షర్మిలా టాగూర్ హిందీ సినిమా వచ్చింది. అది చూసిన మరుసటేడు బొంబాయి లోడుకు పోయి, ఆ పేరున్న సెంటు కొనుక్కొచ్చాడట. జేజి దాన్ని పెళ్ళిళ్ళకు మాత్రమే, అదీ చుక్క, చెవి వెనక రాసుకునేది. తాత పోయిన పదకొండో రోజు తల్లో పూలతో పాటు ఈ బుడ్డినీ పక్కన పెట్టించారు. ఏ శాస్త్రంలో సెంటు సంగతి రాశారో ఎవరూ అడగలేదు. జేజికప్పుడు ముప్పై ఎనిమిదేళ్ళు.

పోయిన వేసవి సెలవుల్లో నేనడిగాను. "రాసుకో పాపా, దాంట్లో ఇంకేముండాది, ఎగిరిపొయ్యుంటాది" అంది. మూత తిరగలేదు. గోరువెచ్చటి నీళ్ళ గుడ్డ చుట్టి తిప్పాల్సొచ్చింది. అడుగున కాస్త, టీ డికాషన్ రంగులో. మణికట్టు మీద రాసుకుంటే మొదట ఘాటైన స్పిరిట్, పుల్లటి వాసన. కెమిస్ట్రీ చదివే పిల్లను కాబట్టి బెదరలేదు. తేలికపాటి అణువులు ముందు ఎగిరిపోతాయి, కొన్ని గాలి తగిలి చెడిపోతాయి, బరువైనవి నిలుస్తాయి. పావుగంటకు వాడిన పూల వాసన వచ్చింది. సాయంత్రానికి పౌడరూ, వనిల్లా, ఎక్కడో గంధపుచెక్క. జేజి నా చెయ్యి పట్టుకుని వాసన చూసి, వదలకుండా అట్లే కూర్చుంది.

ఆ రాత్రి మిద్దె మీద ఆమెకు కన్నౌజు సంగతి చెప్పాను. అక్కడ మట్టి పెంకుల్ని రాగి పాత్రలో నీళ్ళతో కాచి, ఆవిరిని గంధపు నూనెలోకి పట్టి వానవాసన అత్తరు చేస్తారు. 1964లో ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ అనే ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ఆ వాసనకు 'పెట్రికోర్' అని పేరు పెట్టారు. ఎండిన రోజుల్లో రాళ్ళలో, మట్టిలో ఒక నూనెలాంటిది పోగవుతుందనీ, తడి తగిలితే బయటికొస్తుందనీ తేల్చారు.

"అట్లయితే మన మట్టిలో శానా ఉండాల" అంది జేజి.

శ్రావణంలో మా చిన్నాన్న కూతురి పెళ్ళి. జేజి చెవి వెనక చుక్క రాసుకుని వచ్చింది. పందిట్లో ఒక బంధువు ముక్కు ఎగబీల్చి, "ఏందత్తా, ఈ వయసులో?" అంది. ఆమె కూడా మూడేళ్ళ కింద పూలు మానేసిన మనిషే.

"మీ మామ తెచ్చింది లేమ్మే. అయిపోకముందే రాసుకుంటాండా" అంది జేజి.

ఆమె కాసేపు పెళ్ళికూతురి వైపు చూస్తూ నిలబడింది. తర్వాత నా దగ్గరికొచ్చి, బుడ్డి ఎక్కడుందని అడిగింది.