టామీ ఊపిరి లెక్కపెట్టిన రాత్రి

ఈ నెల మా ఇంటి కుక్క సంగతి వ్రాస్తున్నాను. పాస్టరుకు కుక్క గొడవ ఎందుకని నవ్వుకొనేవారు నవ్వుకోవచ్చు. పన్నెండు సంవత్సరములు మా ఇంటిని, ప్రక్కనున్న మందిరమును కాచినది మా టామీ.

వేసవిలో అది రొప్పడం మాకు క్రొత్త కాదు. కృత్తివెన్నులో ఎండకు తోడు సముద్రపు ఉక్క. కుక్కకు మనవలె ఒళ్లంతా చెమట పట్టదు. ముఖ్యముగా నాలుక చాచి రొప్పడం వలననే దాని ఒంటి వేడి తగ్గుతుంది. అందుచేత 2024 ఫిబ్రవరిలో కూడా అది రొప్పుతుంటే నేను పట్టించుకోలేదు. తెల్లవారుజాము చలిలో, కదలక పడుకొన్న కుక్క ఎందుకు రొప్పుతుందని ఆలోచించవలసినది. "ముసలిదైంది" అన్నాను, అంతే. రాత్రుళ్లు దగ్గు మొదలైతే పిల్లలకు తెచ్చిన దగ్గు మందు మిగిలినది రెండు చెంచాలు పోశాను. అది నా తప్పు. మనుషుల మందులు కొన్ని, పారాసిటమాల్ వంటివి సహా, కుక్కకు ప్రమాదమని తరువాత తెలిసినది.

రెండు వారములు అలాగే గడిచినవి. మా సంఘములో గేదెలను మేపుకొనే ఒక పెద్దామె శనివారము సాయంకాలము వచ్చి, "అయ్యగారూ, మీ కుక్క ప్రక్కకు వాలి పడుకోవట్లేదు, చూశారా? మెడ చాపి కూర్చునే కునుకు తీస్తంది" అన్నది. రోజూ చూస్తున్న నాకు కనబడనిది ఆమెకు ఒక్క చూపులో కనబడినది!

బందరులో తెలిసిన పశువైద్యునికి ఫోను చేశాను. "కునుకులో ఉండగా డొక్క ఒకసారి లేచి దిగితే ఒకటి. గడియారము చూచి నిమిషము లెక్కపెట్టండి. 30 దాటకూడదు" అన్నారు. ఆదివారపు ప్రసంగము సగములో ఆపి లెక్కపెట్టాను. 46. నమ్మలేక మరల లెక్కపెట్టాను. 44.

ఆరాధన ముగించుకొని వెళదామని నా మనసు. నా భార్య టార్చిలైటుతో దాని పెదవి ఎత్తి చూచినది. గులాబీ రంగులో ఉండవలసిన చిగుళ్లు బూడిద రంగులో ఉన్నవి. (చిగుళ్లు పుట్టుకతో నల్లగా ఉన్న కుక్కకైతే నాలుక చూడాలట.) "ఏవండీ, ఇది రేపటిదాకా ఆగదు" అన్నది. ఆ రాత్రే ఆటో మాట్లాడుకొని బయలుదేరాము.

గుండె కవాటము సరిగా మూసుకోక, ఊపిరితిత్తులలో నీరు చేరినదని డాక్టరుగారు చెప్పారు. నీరు మూత్రములో పోవడానికి ఇంజెక్షను చేశారు. తెల్లవారేసరికి టామీ ప్రక్కకు వాలి నిద్రపోయినది. ఆదివారము నేను సగము ప్రసంగముతోనే నిలబడ్డాను, ఎవరూ అడగలేదు. తరువాత గన్నవరములో 1998లో ఏర్పడిన పశువైద్య కళాశాలకు తీసుకొనివెళ్లి ఎక్స్‌రే తీయించాము. గుండె పెరిగినది. దగ్గు మొదలైనప్పుడే తెచ్చియుంటే మాత్రలు అప్పుడే మొదలుపెట్టేవారమని డాక్టరుగారు మెల్లగా అన్నారు. ఆ మాట నాకు గట్టిగానే తగిలినది.

ఆయన చెప్పినది మీకూ చెబుతున్నాను. ముసలి కుక్క నిద్రలో నిమిషానికి 30 దాటి ఊపిరి తీస్తుంటే, రాత్రి దగ్గు వదలకుంటే, కొద్ది నడకకే కూలబడితే, మొరుగు బొంగురుపోయి ఊపిరి గురగురలాడితే ఒకటి రెండు రోజులలో చూపించాలి. నాలుక నీలముగా మారినా, మోచేతులు ఎడముగా పెట్టి మెడ చాచి పడుకోలేకపోయినా, స్పృహ తప్పినా ఆ గంటలోనే బయలుదేరాలి. దారిలో నోట్లో నీళ్లు పోయకూడదు, బలవంతముగా పడుకోబెట్టకూడదు, మెడ పట్టీ పట్టి లాగకూడదు.

అప్పటినుండి మా అమ్మాయి ప్రతి రాత్రి లెక్కపెట్టి నా ప్రసంగముల నోటుబుక్కు చివరి పేజీలో వ్రాసేది. 22, 25, 21, 24. ఆగస్టులో ఒక రాత్రి 35 అని వ్రాసి నన్ను నిద్ర లేపినది. ఈసారి నేను చొక్కా తొడుగుకొని ఆటో కోసం వెళ్లాను.