అమ్మా, స్విచ్చి ఎక్కడ పెట్టమంటావ్?

పెళ్ళి సంగతి నాకింకా తెలీదు గానీ, ఇల్లు మాత్రం కట్టి చూశాను. నిజం చెప్పాలంటే కట్టింది నాన్న. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులూ, నా పేరు మీద తీసుకున్న లోనూ కలిపి, తెనాలి దగ్గర మా ఊళ్ళో ఉన్న ఐదు సెంట్ల స్థలంలో. నేను హైదరాబాదులో కూర్చుని, వాట్సాపులో వచ్చిన ఫొటోలకి బొటనవేలు చూపిస్తూ ఉండేవాణ్ణి. ఒక్క విషయంలో మాత్రం "ఇది నాకొదిలేయండి" అని పెద్ద మాట అనేశా. కరెంటు పని.

ఎందుకంటే నేను చదివింది ఎలక్ట్రికల్ ఇంజినీరింగు కదా మరి! నాలుగేళ్ళు ట్రాన్స్‌ఫార్మర్లూ, మోటార్లూ బట్టీ పట్టి, క్యాంపస్ ఇంటర్వ్యూలో సాఫ్ట్‌వేర్ కంపెనీలో పడ్డాక మళ్ళీ టెస్టర్ ముట్టుకున్న పాపాన పోలేదు. అయినా డిగ్రీ డిగ్రీయే. నాన్న కూడా "మావాడు చూసుకుంటాడండీ, వాడి సబ్జెక్టే" అని ఊరంతా చెప్పుకున్నాడు.

ఇంకేం, ఎక్సెల్ తెరిచా. గదికో షీటు. పాయింటు పేరు, ఎత్తు, ఆంపియర్లు, స్విచ్చి ఎక్కడ అని కాలమ్‌లు, మధ్యలో రంగులు. హాల్లో టీవీ గోడకి ఆరు సాకెట్లు, గోడలోంచి హెచ్‌డీఎంఐ వైరు పోవడానికి వేరే పైపు. ప్రతి గదికీ ఇంటర్నెట్ కేబులు. వైఫై రౌటరుకి సీలింగులో పాయింటు. ఫాల్స్ సీలింగు చుట్టూ ప్రొఫైల్ లైట్లు, వాటికి రిమోటు. ఇంటి నుంచి పని చేసే రోజుల కోసం నా గదిలో టేబుల్ దగ్గర ఎనిమిది ప్లగ్గులు. మొత్తం 84 పాయింట్లు తేలాయి. ఆఫీసులో ఏ డిజైన్ డాక్యుమెంటూ ఇంత శ్రద్ధగా రాసి ఉండను. వంటింటి షీటులో మాత్రం "మిక్సీ, ఫ్రిజ్, వాటర్ ప్యూరిఫయర్, మధ్యలో ట్యూబ్‌లైటు" అని రాసి ఐదు నిమిషాల్లో మూసేశా.

ఓ రోజు ఎలక్ట్రీషియన్ బాబాయ్ నుంచి ఫోను. "బాబూ, ఎల్లుండి స్లాబు. పైన పైపులు రేపే పరిచెయ్యాలి. నువ్వొచ్చి చూపిస్తే గానీ నేను చెయ్యి పెట్టను."

రాత్రికి రాత్రి రైలెక్కా.

ఇల్లు కట్టించని వాళ్ళ కోసం చిన్న వివరణ. స్లాబు కోసం సెంట్రింగు రేకులు పరిచి, వాటి మీద ఇనుము అల్లి కట్టాక, కాంక్రీటు పోసే ముందు ఆ ఊచల మధ్య కరెంటు పైపులు పరుస్తారు. ఫ్యాను ఎక్కడ వేలాడాలో అక్కడ ఫ్యాన్ బాక్సు, లైటు ఎక్కడుండాలో అక్కడ ఇంకో బాక్సు పెట్టి, సిమెంటు పాలు దిగకుండా లోపల కాగితాలు కుక్కుతారు. ఏ పైపు ఏ గోడలోకి ఎక్కడ దిగాలో కూడా అప్పుడే తేలిపోవాలి. మర్నాడు కాంక్రీటు పడ్డాక ఇక అంతే. మన భాషలో చెప్పాలంటే అది రోల్‌బ్యాక్ లేని ప్రొడక్షన్ రిలీజు. తర్వాత ఏ పాయింటు గుర్తొచ్చినా పైకప్పు మీద తెల్లటి కేసింగ్ పట్టీ పాకించుకోవడమే.

బాబాయ్ నా ప్రింటౌట్లు మొత్తం తిరగేశాడు. ఏమీ అనలేదు. చివరికి మడిచి చేతికిస్తూ "బానే ఉంది బాబూ, సినిమా హాల్లా ఉంటది. అమ్మగారు చూశారా?" అన్నాడు.

అమ్మా? అమ్మ చూడ్డమేంటి? అమ్మ అప్పుడు పనివాళ్ళకి ఫ్లాస్కులో టీ తెచ్చి గ్లాసుల్లో పోస్తోంది. ఆ ఇంట్లో రోజుకి 24 గంటలూ ఉండబోయేది ఆవిడ. నేను నెలకి రెండు రోజులు ఉంటానేమో. 84 పాయింట్లలో ఒక్కదాని గురించి కూడా ఆవిణ్ణి అడగలేదని అప్పుడు వెలిగింది నాకు. ప్రాజెక్టులో యూజర్‌ని అడక్కుండా రిక్వైర్‌మెంట్లు రాసేవాళ్ళని మనం ఎన్ని తిట్టుకుంటాం!

"అమ్మా, పొద్దున్న లేచిన దగ్గర్నుంచి ఏమేం చేస్తావో ఈ ఇంట్లో ఓసారి నడిచి చూపించు" అన్నా. "నీకేమన్నా పిచ్చా?" అని ముందు నవ్వింది. స్లాబు కింద నిలబెట్టిన సరుగుడు బాదుల మధ్యలోంచి ఒంగి ఒంగి వంటింట్లోకి వెళ్ళింది.

"ఇదిగో, గట్టు ఇటుంటుందిగా. నేను ఇలా కిటికీ వైపు తిరిగి నిలబడతా. లైటు గది మధ్యలో ఉంటే నా వీపు మీద పడుతుంది. గట్టు మీద నా నీడే ఉంటుంది. పప్పులో రాళ్ళుంటే ఎక్కడ కనపడి చస్తాయ్?"

మోకాళ్ళ నొప్పులొచ్చాక అమ్మ కత్తిపీట మానేసి గట్టు మీదే కూరలు తరుగుతోంది. నేనేమో వంటింట్లో సరిగ్గా వీపు వెనక లైటు పెట్టా. పైగా వయసు పెరిగేకొద్దీ కంట్లో లెన్సు పసుపుబారుతుంది, కంటిపాప చిన్నదవుతుంది. ఇరవయ్యేళ్ళ కంట్లో రెటీనాకి చేరే వెలుతురులో అరవయ్యేళ్ళకి చేరేది సుమారు మూడో వంతు. అంటే నాకు చాలిన లైటు అమ్మకి చాలదు. గట్టుకి సరిగ్గా పైన, ముందువైపు పడేలా ఇంకో లైటు పాయింటు పెట్టాం.

తర్వాత గ్రైండరు, మిక్సీ, ఇండక్షన్ స్టవ్వు. అద్దింట్లో ఇండక్షన్ ప్లగ్గు పెట్టే సాకెట్టు గోధుమరంగులోకి మాడిపోయి ఉండేది. 6 ఆంప్ సాకెట్టు 230 వోల్టుల దగ్గర మోయగలిగేది 1380 వాట్లు. ఇండక్షన్ స్టవ్వు 2000 వాట్లు లాగుతుంది, అంటే దాదాపు 9 ఆంప్స్. అడాప్టరు తగిలించి లాగిస్తే మాడక ఏం చేస్తుంది? గట్టు మీద మూడు 16 ఆంప్ సాకెట్లు చేరాయి.

పెరట్లోకి వెళ్ళాం. "వాషింగ్ మెషీన్ ఇక్కడ పెడతారుగా" అని ఆగింది. ఆగి, చాలా మామూలుగా అడిగింది. "ఈ ఇంట్లో కూడా చెప్పులేసుకునే ముట్టుకోవాలా?"

మీకర్థం కాకపోవచ్చు, చెప్తా. మేం పన్నెండేళ్ళు ఉన్న అద్దింట్లో వాషింగ్ మెషీన్ ముట్టుకుంటే జివ్వుమనేది. ఫ్రిజ్ కూడా అప్పుడప్పుడూ. అందుకని ఇంట్లో ఒక రూలు ఉండేది. తడిచేత్తో ముట్టుకోవద్దు, చెప్పులేసుకుని ముట్టుకో. మెషీన్ పక్కన ఒక పాత హవాయి చెప్పుల జత పర్మనెంటుగా ఉండేది. చుట్టాలొస్తే వాళ్ళకీ చెప్పేవాళ్ళం, "అక్కడ చెప్పులున్నాయ్ చూడండి" అని. కుక్కర్ మూత ఎలా పెట్టాలో చెప్పినంత మామూలుగా!

ఆ ఇంట్లో ఉండగానే నేను ఎలక్ట్రికల్ ఇంజినీరింగు పాసయ్యా. ఫస్టు క్లాసులో.

మూడు కాళ్ళ ప్లగ్గులో పైనుండే లావుపాటి పిన్ను ఎర్తుది. మెషీన్ లోపల వైరు తెగి బాడీకి తగిలితే, ఆ కరెంటు మనలోంచి కాకుండా ఆ పిన్నులోంచి భూమిలోకి పోవాలి. అద్దింట్లో సాకెట్టుకి మూడో కన్నం ఉంది గానీ దాని వెనక వైరే లేదు. నేను ఒక్కసారి స్క్రూ విప్పి చూసి ఉంటే తెలిసిపోయేది. చూళ్ళేదు. అంతకన్నా సిగ్గుచేటు ఏంటంటే, నా ఎక్సెల్‌లో రిమోట్ లైట్లకి వరస ఉంది, ఎర్తుకి వరస లేదు.

నాన్న అందుకున్నాడు. "మీటరు దగ్గర ఓ రాడ్డు పాతేస్తారుగా, చాలదూ? ఇన్నేళ్ళూ మనకేమయింది?" లెక్కల మాస్టారు ఆయన. ఇన్నేళ్ళూ ఏం కాలేదు కాబట్టి ఇకపైన కూడా ఏం కాదు అనేది ఏ లెక్కండీ అని అడగాలనిపించింది గానీ, ఊరుకున్నా. ఈసారి బాబాయే నాకు సాయమొచ్చాడు. "మాస్టారూ, అదొక్కటీ తగ్గించొద్దు. ఫ్యాన్సీ లైట్లు తగ్గించండి కావాలంటే."

అలా హాల్లో ఫాల్స్ సీలింగు, ప్రొఫైల్ లైట్లు, రిమోటు అన్నీ ఎగిరిపోయాయి. వాటి బదులు ఉప్పూ బొగ్గూ పొరలు వేసి రెండు ఎర్తు గుంతలు, ప్రతి సాకెట్టుకీ పచ్చ వైరు, మెయిన్ బోర్డులో 30 మిల్లీఆంప్స్‌కి పడిపోయే ఆర్‌సీసీబీ వచ్చాయి. చాలామంది ఎంసీబీ ఉంటే చాలనుకుంటారు. ఎంసీబీ కాపాడేది వైర్లని. లోడు ఎక్కువైనా, షార్టు అయినా పడిపోతుంది. మనిషిలోంచి పోయే కొద్దిపాటి కరెంటు దానికి లెక్కలోకే రాదు. ఆ పని ఆర్‌సీసీబీది.

ఇక చివరిది, అమ్మానాన్నల పడగ్గది. నా షీటు ప్రకారం తలుపు పక్కన స్విచ్‌బోర్డు, మంచం పక్కన ఫోను చార్జింగుకి ప్లగ్గు. అమ్మ మంచం ఉండే చోట నిలబడి, అక్కణ్ణుంచి బాత్రూమ్ తలుపు దాకా చూసింది.

"మంచం మీంచి లైటు వేసుకునేలా పెట్టొచ్చా?"

"పెట్టొచ్చు. ఎందుకు?"

"రాత్రి రెండు మూడు సార్లు లేస్తా కదరా. లైటు వెయ్యాలంటే తలుపు దాకా చీకట్లో వెళ్ళాలి. వేస్తే మీ నాన్నగారికి నిద్ర పాడవుతుంది, మళ్ళీ పట్టదాయనకి. అందుకని గోడ పట్టుకుని వెళ్ళొస్తా. అప్పుడు పడింది కూడా అలాగే."

నిరుడు సంక్రాంతి ముందు అమ్మ పడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. బాత్రూమ్‌లో నీళ్ళ మీద కాలు జారిందని చెప్పింది మాకందరికీ. నేను గట్టి పట్టు ఉండే మ్యాట్ ఆర్డరు పెట్టి, ప్రాబ్లం సాల్వ్ అయిపోయిందనుకున్నా. అసలు కారణం మ్యాట్ కాదు, స్విచ్చి. ఒక స్విచ్చి తలుపు దగ్గర ఉండాల్సింది, ఇంకోటి మంచం దగ్గర కూడా ఉండాల్సింది. అంతే.

ఇంజినీరింగు ఫస్టియర్ వర్క్‌షాపు గుర్తుందా? చెక్క మీద రెండు టూ వే స్విచ్చిలూ ఒక బల్బూ బిగించి "స్టెయిర్‌కేస్ వైరింగ్" అని చేయించేవాళ్ళు. కింద వేసి పైన ఆర్పొచ్చు, పైన వేసి కింద ఆర్పొచ్చు. నేను ఆ ప్రయోగం పక్కవాడి రికార్డు చూసి కాపీ కొట్టా. అమ్మకి కావలసింది సరిగ్గా అదే.

నాన్న తలుపు దగ్గర నిలబడి ఇదంతా విన్నాడు. ఏమీ మాట్లాడలేదు, బయటికి వెళ్ళిపోయాడు. సాయంత్రం బాబాయ్ పైపులు కడుతుంటే నెమ్మదిగా మెట్లెక్కి వచ్చి అడిగాడట. "ఆ స్విచ్చి నా వైపు కూడా ఒకటి వస్తుందా? ఆవిడ లేస్తే నేనే వేస్తా."

మూడు చోట్ల నుంచి వెయ్యాలంటే రెండు టూ వే స్విచ్చిల మధ్య ఇంకో ఇంటర్మీడియట్ స్విచ్చి రావాలి. ఆ మేరకి ఇంకో పైపు దించాం. బాత్రూమ్ దారిలో నేల నుంచి అడుగు ఎత్తులో, పసుపురంగు వెలుతురిచ్చే చిన్న లైటుకి కూడా పాయింటు పెట్టాం. మొహమ్మీద పడదు, దారి మాత్రం కనపడుతుంది. మర్నాడు పొద్దున్న స్లాబు పడింది.

మీలో ఎవరన్నా ఇల్లు మొదలుపెడుతుంటే, నేను నేర్చుకున్నవి ఐదు ముక్కలు:

1. లైట్లకి 1.5, 16 ఆంప్ సాకెట్లకి 2.5, ఏసీకీ గీజరుకీ 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు. ఏసీకి, గీజరుకి విడివిడిగా ఎంసీబీలు.

2. ఇన్వర్టరు మీద నడవాల్సినవి ముందే వేరు చేసుకోండి. మామూలు ఫ్యాను 75 వాట్లు తింటే బీఎల్‌డీసీ ఫ్యాను 30 చుట్టుపక్కల తింటుంది. కరెంటు పోయిన రాత్రి ఆ తేడా తెలుస్తుంది.

3. బండి పెట్టే చోట ఒక 16 ఆంప్ పాయింటు. ఇవాళ ఎలక్ట్రిక్ స్కూటరు లేకపోయినా రేపు వస్తుంది.

4. గోడలు ప్లాస్టరింగు చేసే ముందు ప్రతి గోడనీ టేపు పక్కన పెట్టి ఫొటో తియ్యండి. రేపు మేకు కొట్టేటప్పుడు పైపు ఎక్కడుందో అదే చెప్తుంది.

5. ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటన్ ఉంటుంది. నెలకోసారి నొక్కి, పడుతోందో లేదో చూడండి. ఎండాకాలం ఎర్తు గుంతలో నీళ్ళు పొయ్యండి.

అన్నిటికన్నా ముఖ్యంగా, ఎక్సెల్ తెరవక ముందు ఆ ఇంట్లో ఉండబోయేవాళ్ళని ఓసారి నడిపించండి. కాయితం మీద కాదు, స్థలంలో. అదీ స్లాబుకి ముందు.

గృహప్రవేశం అయింది. అమ్మ ఇప్పటికీ వాషింగ్ మెషీన్ దగ్గరికి చెప్పులేసుకునే వెళ్తోంది. "షాక్ కొట్టదమ్మా" అంటే "తెలుసులేరా, అలవాటు" అంటుంది. మొన్న వెళ్ళినప్పుడు రాత్రి రెండింటికి నీళ్ళు తాగుదామని లేచా. వాళ్ళ గది తలుపు కింద సన్నగా వెలుతురు వచ్చింది, కాసేపటికి ఆరింది. ఎవరి వైపు స్విచ్చి వేశారో తెలీదు. నేనైతే మళ్ళీ వెళ్ళి హాయిగా పడుకున్నా.

అన్నట్టు, 84 పాయింట్లు కాస్తా 91 అయ్యాయి. ఇన్నీ పెట్టి, కాలింగ్ బెల్లు పాయింటు మర్చిపోయాం! వచ్చినవాళ్ళు గేటు బాదుతున్నారు. అదండీ మా ఇంజినీరింగు.