పెన్‌గంగ వెంట, చెట్ల జబ్బుల దారిలో

ఇస్లాపూర్ స్టేషన్‌లో దిగితే మరాఠీ, తెలుగు, లంబాడీ, గోండీ ఒకేసారి చెవిన పడతాయి. ఊరు ఇప్పుడు మహారాష్ట్రలో, నాందేడ్ జిల్లా కిన్వట్ తాలూకాలో ఉంది. 1956 దాకా ఇది ఆదిలాబాద్ జిల్లా బోథ్ తాలూకాలో ఒక సర్కిల్. రాష్ట్రాల పునర్విభజనలో కిన్వట్, రాజురా తాలూకాలతో పాటు ఇదీ అటు వెళ్లిపోయింది. అడవి మాత్రం గీతకు రెండువైపులా ఒకటే: టేకు, నల్లమద్ది, ఏగిస, మోదుగ, ఇప్ప, తునికి.

ఊరికి దగ్గర్లోనే సహస్రకుండ్. పెన్‌గంగ అక్కడ నల్లరాతి మీంచి పాయలుపాయలుగా దూకుతుంది. జనం వానాకాలంలో జలపాతం చూడ్డానికి వస్తారు. చెట్ల జబ్బులు చూడాలనుకునేవాళ్లు మాత్రం వానలు వెనకబట్టాక రావాలి. అప్పుడు టేకాకును తిరగేస్తే అడుగున పసుపు, నారింజ కలిసిన పొడి కనబడుతుంది. తాకితే వేలికి అంటుకుంటుంది. ఆకు పైభాగం బూడిద రంగుకు తిరిగి, రాలాల్సిన కాలానికి ముందే రాలిపోతుంది. ఇది తుప్పు తెగులు. దీనికి కారణమైన శిలీంధ్రం పేరు ఒలీవియా టెక్టోనే. బతికున్న టేకాకు మీదే దాని బతుకు, కాబట్టి చెట్టును చంపితే తనకే నష్టం. ఆ పొడి అంతా దాని సిద్ధబీజాలు. గాలి వాటిని ఎంత దూరమైనా మోసుకుపోతుంది.

ఈ అడవిలో పెద్ద టేకుకు ఈ తెగులు వల్ల పెద్దగా ఏమీ కాదు. ఆకు ఎలాగూ రాలిపోయేదే, చలికాలం చివర్లో కాకుండా కొంచెం ముందు రాలుతుంది. చుట్టూ వేరే జాతుల చెట్లు ఉండటంతో గాలిలో వచ్చే పొడిలో చాలా భాగం తనకు పనికిరాని ఆకు మీద పడి వృథా అవుతుంది. అదే శిలీంధ్రం నర్సరీలోకి వెళ్తే సంగతి వేరు. మళ్ల నిండా ఒకే వయసు మొక్కలు, ఆకుకు ఆకు ఆనించి ఉంటాయి, రోజూ పైనుంచి నీళ్లు. అక్కడ ఆకులు పోయిన మొక్క ఎదుగుదల ఆగి, నాటే వేళకు చేతికి రాదు. టేకు పుట్టిన ఆసియాలో శతాబ్దానికి పైగా ఎరిగిన ఈ తెగులు 2003లో పనామాలో బయటపడింది. అమెరికా ఖండాల్లో దాన్ని చూడటం అదే మొదలు. తర్వాత మధ్య, దక్షిణ అమెరికాల్లోని టేకు తోటలకు పాకింది. టేకును అడవి నుంచి విడదీసి వేల ఎకరాల్లో వరుసలు కట్టిన చోటికి తెగులు కూడా వెనకే వెళ్లింది.

ఈ ప్రస్థానంలో నేను వెతికింది ఆ వరుసలనే. శిలీంధ్రం అన్ని చోట్లా ఉంది. అది ఎక్కడ ఇరుగుపొరుగుగా ఉంటుంది, ఎక్కడ దోపిడీదారు అవుతుంది అన్నది చాలావరకు చెట్టును మనం నిలబెట్టిన తీరులో ఉంటుంది. చాలావరకు అన్నాను, ఆదిలాబాద్ దాటేసరికి ఈ లెక్క కాస్త తప్పుతుంది.

పెన్‌గంగ ఇస్లాపూర్ నుంచి కిన్వట్ పట్టణం పక్కగా తూర్పుకు సాగుతుంది. ఈ మధ్య దూరంలో అడవిలోకి వెళ్తే ప్రతి పాత టేకు మొదట్లో ఏదో ఒక గాయం ఉంటుంది: ఎండాకాలపు మంట, పశువుల మేతకు నరికిన కొమ్మ, గొడ్డలి పరీక్ష. మానును లోపలి నుంచి కుళ్లబెట్టే శిలీంధ్రాలు ఆ తలుపుల్లోంచే వెళ్తాయి. బయటికి చెట్టు పచ్చగా, నిటారుగా ఉంటుంది. కోసి చూస్తే లోపల బోలు. కలప డిపోలో అలాంటి దుంగ ధర పడిపోతుంది. అడవికి మాత్రం ఆ బోలు అవసరమే. చిలుకలూ గుడ్లగూబలూ గుడ్లు పెట్టేది అందులోనే. కలప లెక్కతో చూస్తే నష్టం, అడవి లెక్కతో చూస్తే ఇల్లు. తెగులు అనే మాటను ఎవరి పుస్తకంలో రాస్తున్నామో ముందు తేల్చుకోవాలి.

కిన్వట్ దాటాక నది మహారాష్ట్రకూ తెలంగాణకూ మధ్య గీత అవుతుంది. కుడివైపు ఆదిలాబాద్ జిల్లా పత్తి చేలు, చనాఖా-కొరాటా బ్యారేజీ. చేల గట్ల మీద, ఇళ్ల ముందు, బడి ఆవరణల్లో, పోచమ్మ గుడి పక్కన వేప. 2021 వానాకాలం నుంచి తెలంగాణ అంతటా ఈ వేపలు చిగుళ్ల నుంచి కిందికి ఎండుతూ వచ్చాయి. దూరం నుంచి చూస్తే చెట్టు మీద ఎవరో వేడినీళ్లు గుమ్మరించినట్టు పైకొమ్మలన్నీ గోధుమరంగు. కరోనా కాలం కావడంతో వేపకూ కరోనా వచ్చిందనే మాట ఊళ్లలో పుట్టింది. ఒంటి మీద అమ్మవారు పోస్తే వేపమండలు పరిచిన జనానికి, ఆ చెట్టుకే రోగం రావడం కంటికి మించి మనసుకు తగిలింది.

రోగం కొత్తది కాదు. మైసూరు శాస్త్రవేత్తలు ఈ శిలీంధ్రాన్ని వర్ణించి, ఫోమోప్సిస్ అజాడిరాక్టే అని 1997లోనే పేరు పెట్టారు. అది లేత కొమ్మను పట్టి చివర నుంచి కిందికి ఎండబెడుతుంది. వాన మొదలయ్యాక పుంజుకుని చలికాలం మొదటి దాకా ముదురుతుంది. ముదిరితే పూత నిలవదు, కాయ దక్కదు. గింజలోనూ దాగుతుంది కాబట్టి రోగిష్టి చెట్టు కింద ఏరిన విత్తనంతో నారు పోస్తే రోగాన్నీ నాటినట్టే. దీనికి తోడు తేయాకు దోమ అనే నల్లి లేత చిగురులో మూతి గుచ్చి రసం పీలుస్తుంది. ఆ పోట్ల దగ్గర శిలీంధ్రానికి దారి దొరుకుతుంది. పురుగుల మందుగా వాడే వేపకు తన పురుగును ఆపుకునే శక్తి లేకపోవడం వింతగా అనిపిస్తుంది గానీ, గింజలో ఉన్న చేదు లేత చిగురుకు అంతగా కాపు కాయదు.

జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం సలహా ఇచ్చింది: ఎండిన కొమ్మల్ని నరికి కాల్చండి, కార్బెండజిమ్ పిచికారీ చేయండి, కొన్నాళ్లకు థయోఫనేట్ మిథైల్, ఆ తర్వాత నల్లికి ప్రొఫెనోఫాస్. శాస్త్రం ప్రకారం సరైన సలహాయే. రోడ్డు పక్కన రెండంతస్తుల ఎత్తున్న వేపకు ఆ మందు ఎవరు కొడతారు, పంపు ఎక్కడిది, కింద తాగునీటి బావి ఉంటే ఏమిటి? వేపకు యజమాని లేడు. చాలా చెట్లు మందు లేకుండానే మళ్లీ చిగురించాయి. కొన్ని ఆ తర్వాతి ఏళ్లలో మళ్లీ ఎండాయి. వేప తోటపంట కాదు, వరుసల్లో నాటింది కాదు, పిట్టలు పడేసిన గింజకు మొలిచింది. అయినా ఊరూరా దెబ్బ తింది. దక్కన్ మీద దాదాపు ప్రతి ఇంటి ముందూ ఒక వేప ఉన్నప్పుడు, ఆ లెక్కన రాష్ట్రం మొత్తం ఒక తోటే కదా అనిపిస్తుంది నాకు. అలా అనుకున్నా సమాధానం పూర్తి కాదు. వానల తీరు, నల్లి, శిలీంధ్రం మూడూ ఒకే ఏడాది కలవాలి.

చంద్రపూర్ వైపు వెళ్లి పెన్‌గంగ వార్ధాలో కలుస్తుంది. వార్ధా, వైన్‌గంగ కలిసి ప్రాణహిత అవుతుంది. ప్రాణహిత కాళేశ్వరం దగ్గర గోదావరిలో చేరుతుంది. ఈ దూరంలో చాలా మేర అడవే, అందులో ఎక్కువ టేకే. ఎండలు ముదిరాక జనం తునికాకు ఏరుతారు. మచ్చ పడిన ఆకును కట్టలోకి రానివ్వరు. శిలీంధ్రాన్ని గుర్తుపట్టడంలో ఆ చేతులకు ఏ ప్రయోగశాలా పోటీ రాదు.

భద్రాచలం ఎదుట సారపాక. కాగితం మిల్లు చుట్టూ పదుల మైళ్ల మేర జామాయిల్ (యూకలిప్టస్) తోటలు. మొదట గింజ మొక్కలు వేసేవాళ్లు. ఒక చెట్టు బలంగా, పక్కది బక్కగా, ఇంకోటి ఆకుమచ్చతో. 1989లో ఐటీసీ భద్రాచలం కంపెనీ మేలైన చెట్లను ఎంచి, కొమ్మల నుంచి మొక్కలు తీసే పని మొదలుపెట్టింది. ఎంపికలో తెగుళ్లను తట్టుకోవడం ఒక కొలమానం. అలా వచ్చిన 3, 7, 10 నంబర్ల భద్రాచలం క్లోన్లు రైతుల నోళ్లలో పేర్లయ్యాయి. దిగుబడి పెరిగింది, రైతుకు డబ్బు వచ్చింది, దాన్ని తక్కువ చేయడానికి లేదు. కేరళ అనుభవం పక్కన పెట్టుకుంటే ఆ కొలమానం విలువ తెలుస్తుంది. అక్కడ గులాబీ తెగులు యూకలిప్టస్ తోటలను ఏళ్ల తరబడి వేధించింది. బెరడు మీద లేత గులాబీ రంగు పొరలా పరుచుకుని, దానికి పైనున్న కొమ్మను ఎండగట్టే శిలీంధ్రం అది. పీచిలోని కేరళ అటవీ పరిశోధన సంస్థ తొలినాళ్లలో చేసిన పనుల్లో ఇలాంటి తెగుళ్ల అధ్యయనం ముఖ్యమైనది.

క్లోన్‌లో ఇంకో వైపూ ఉంది. ఒక తోటలోని చెట్లన్నీ అచ్చంగా ఒకే చెట్టు. ఒకటి తట్టుకుంటే అన్నీ తట్టుకుంటాయి, ఒకటి లొంగితే అన్నీ లొంగుతాయి. 2000 దశకంలో దేశంలోకి వచ్చిన గాల్ కందిరీగ ఆ సంగతి చూపించింది. అది శిలీంధ్రం కాదు, పురుగు. పాఠం మాత్రం ఒకటే. కొన్ని క్లోన్ల ఆకు ఈనెలన్నీ బుడిపెలతో నిండిపోయాయి, పక్క మడిలోని ఇంకో నంబరుకు పెద్దగా ఏమీ కాలేదు. తోటలో రెండు మూడు నంబర్లు కలిపి వేయమని చెప్పేది అందుకే. కోత రోజున కొలతలు సమంగా ఉండాలనుకునే రైతుకు ఆ మాట ఎక్కదు.

పాపికొండలు దాటి, రాజమహేంద్రవరం కింద ధవళేశ్వరం ఆనకట్ట దాటితే నది పాయలవుతుంది. కోనసీమ కొబ్బరిలో నెమ్మదిగా చంపే తెగులు గానోడెర్మా. మట్టిలో, పాత మొద్దుల్లో ఉండి వేళ్ల ద్వారా మానులోకి వెళ్తుంది. మాను మొదట్లో పగుళ్ల నుంచి ఎర్రటి బంక కారుతుంది, మట్టలు పాలిపోయి మానుకు వేలాడతాయి, చివరికి మాను అడుగున మెరుగు పెట్టినట్టున్న పుట్టగొడుగు పుడుతుంది. అది కనబడేసరికి లోపల పని అయిపోయి ఉంటుంది. అంబాజీపేట పరిశోధన స్థానం ఏళ్లుగా చెప్పేది ఇది: చెట్టు చుట్టూ కందకం తవ్వి పక్క చెట్ల వేళ్ల నుంచి వేరు చేయండి, చచ్చిన మొద్దును వేళ్లతో సహా పెకలించండి, ట్రైకోడెర్మాను వేపపిండిలో కలిపి పాదులో వేయండి. ట్రైకోడెర్మా కూడా శిలీంధ్రమే. శిలీంధ్రాన్ని తినే శిలీంధ్రం.

ఈ డెల్టాకు ఇంకో పాత కథ ఉంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇక్కడి తాటిచెట్లు మొవ్వు కుళ్లి కూలిపోతుంటే ఎడ్విన్ బట్లర్ అధ్యయనానికి దిగాడు. ఐర్లండ్‌లో వైద్యం చదివి, 1901లో ఇండియాకు వచ్చి, తర్వాత పూసాలో ఇంపీరియల్ మైకాలజిస్టు అయినవాడు. తాటికి, కొబ్బరికి పెరిగే మొవ్వు ఒక్కటే. అది పోతే చెట్టు పోయినట్టే. కారణమైన జీవికి 1907లో ఆయన ఒక పేరు పెట్టాడు, 1919లో దాన్ని ఫైటోఫ్థోరా పామివోరాగా మార్చాడు. నేటి వర్గీకరణలో అది అసలు శిలీంధ్రాల జాబితాలోనే లేదు. గోధుమరంగు నాచుల బంధువు. నీటిలో ఈదే సిద్ధబీజాలు దానివి, అందుకే తుపాను, ముసురు దానికి పండగ. ఆ రోజుల్లో ప్రభుత్వం మనుషుల్ని చెట్లెక్కించి తెగులు సోకిన తలలు కోయించి కాల్పించింది. ఇప్పుడు మొవ్వు శుభ్రం చేసి మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం పోస్తారు.

గోదావరి జిల్లాల రైతులు కొన్ని దశాబ్దాలుగా కొబ్బరి నీడలో కోకో వేస్తున్నారు. రెండు పంటలు, ఒకే నీరు, మంచి ఆదాయం. వానాకాలంలో కోకో కాయను నల్లగా కుళ్లబెట్టేది కూడా పామివోరాయే; పశ్చిమాఫ్రికా నుంచి ఇండోనేషియా దాకా కోకో రైతుల్ని ఏటా నష్టపెట్టేదీ అదే. పైన కొబ్బరి మొవ్వులో ఒకటి, కింద కోకో కాయలో ఒకటి, మధ్య ముసురు వాన. నల్లబడిన కాయను చెట్టుకు వదలకుండా, తోటలో గుట్ట పోయకుండా, ప్రతి వారం కోసి పూడ్చమని ఉద్యాన అధికారులు చెబుతారు. కోకో ధర బాగున్న ఏడాది రైతు ఆ పని చేస్తాడు. ధర పడిన ఏడాది కూలి ఖర్చు చూసుకుని కాయల్ని చెట్టుకే వదిలేస్తాడు.