చింతచెట్టు మీద గూడబాతులు

తెల్లారగట్ల నాలుగున్నరకి బొబ్బిలిలో బండి తీశాం, నేనూ మా బావా. జనవరి చలి, చేతులు కొంకర్లు పోతున్నాయి. రాజాంలో టీ తాగి, చిలకపాలెం దగ్గర హైవే ఎక్కి, శ్రీకాకుళం దాటి టెక్కలి. అక్కడి నుంచి నౌపడ వైపు తిరిగితే తేలినీలాపురం. "పిట్టల కోసం మూడు గంటలు బండి తోలేవోణ్ణి నిన్నే చూశాను రా" అని బావ దారంతా గొణుగుతూనే ఉన్నాడు.

ఊళ్లోకొచ్చాక మాట పడిపోయింది. ఇది అడవి కాదు, టికెట్ కొని చూసే జూ కాదు. ఇళ్ల పక్కన చింతచెట్లు, వాటి మీద గూడబాతులు. అవే, మనం పెలికాన్లు అంటామే. రెక్కలు విప్పితే రెండు మీటర్లు దాటే పిట్ట, చిటారు కొమ్మ మీద పుల్లల గూట్లో తాపీగా కూర్చుని ఉంది. పక్క చెట్టు మీద గులాబీ ఈకల పెయింటెడ్ స్టార్కులు. కింద మామూలు సంసారం: ఆవులు, బట్టల తాడు, స్కూటర్. రెట్టల వాసన మాత్రం గట్టిగానే ఉంటుంది, ముందే చెబుతున్నా.

బావ ఉత్సాహం ఆపుకోలేక ఈల వేశాడు. అరుగు మీద కూర్చున్న తాత ఒకాయన, "సప్పుడు సెయ్యకండి బావు, పిల్లలున్నాయి" అన్నాడు. కోప్పడలేదు, చంటిబిడ్డ నిద్రపోతున్న ఇంట్లో చెప్పినట్టు చెప్పాడు. ఈ పిట్టలు వస్తే వానలు, పంటలు బాగుంటాయని ఊరి నమ్మకం. సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చి వేసవి ముదిరేలోగా వెళ్లిపోతాయి.

వీటిని అందరూ 'సైబీరియా పక్షులు' అంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. తప్పు. ఈ గూడబాతు గుడ్లు పెట్టేదే ఇండియా, శ్రీలంక, కంబోడియాల్లాంటి చోట్ల. సైబీరియా వైపు నుంచి మనకి నిజంగా వచ్చే పిట్టలు వేరే ఉన్నాయి. అవి చలికాలం గడిపి వెళ్లిపోతాయి, ఇక్కడ గూడు కట్టవు. తేలినీలాపురం వీటికి చుట్టాలిల్లు కాదు, పురిటిల్లు. చెట్టు కొట్టేస్తే 'పోనీ, సైబీరియా వెళ్లిపోతాయిలే' అనుకోవడానికి లేదు.

చెట్టొక్కటే చాలదు. మేత కోసం అవి నౌపడ చుట్టూ ఉన్న చిత్తడి నేలలకి వెళ్తాయి. ఇక్కడివాళ్లు తంపర అంటారు. ఆ తంపరలో థర్మల్ ప్లాంటు వద్దని కాకరాపల్లి జనం పోరాడితే, 2011 ఫిబ్రవరిలో పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలే పోయాయి. జనం అడిగింది పిట్టల కోసం కాదు, తమ చేపలు, పొలాల కోసం. కానీ ఆ నీళ్లు ఇద్దరివీ. ఆ తర్వాత ఇంకో దెబ్బ: చేపల ద్వారా పొట్టలో చేరే నులిపురుగుల వల్ల గూడబాతులు వరసగా చచ్చిపోయాయి.

మరి మనలాంటి వాళ్లం చేసేదేంటి? గూట్లోంచి పిల్ల కింద పడితే సెల్ఫీ దిగకుండా, చేత్తో పట్టుకోకుండా అక్కడి అటవీశాఖ వాళ్లకి చెప్పడం. డ్రోన్ ఎగరేయకపోవడం. ఇంకోటి, లెక్కపెట్టడం. 1987 నుంచి ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతోంది, చాలావరకు వాలంటీర్లతోనే. ఫిబ్రవరిలో నాలుగు రోజులు గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ ఉంటుంది. పదిహేను నిమిషాలు ఒకచోట నిలబడి, కనబడినవన్నీ ఈబర్డ్ యాప్‌లో రాస్తే చాలు. పేరు తెలియకపోతే మెర్లిన్ యాప్‌ని అడగొచ్చు, రెండూ ఉచితమే. ఏడాది తర్వాత పిట్టలు తగ్గాయా అంటే, 'తగ్గినట్టున్నాయి' అనడానికి బదులు చూపించడానికి అంకె ఉంటుంది.

మేమూ ఒక చింతచెట్టు పట్టుకున్నాం. నాకు 43 వచ్చాయి, బావకి 51. గూళ్లలో తలలు మాత్రమే కనబడే పిల్లల్ని కూడా కలిపేశానన్నాడు. అవీ పిట్టలే కదా అని వాదన. ఎండ ఎక్కుతోంది, ఆకలేస్తోంది. టిఫిన్ సంగతి తర్వాత అనుకుని ఇద్దరం చెట్టుకి అవతలి పక్కకి వెళ్లి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాం.