ముసురులో మొరాయించిన డ్రయ్యర్

వానాకాలం వస్తే మా పోచంపాడ్‌లో అందరి నోటా ప్రాజెక్టు ముచ్చటే. నీళ్లు 1091 అడుగులకు వచ్చినయా, 42 గేట్లలో ఎన్ని ఎత్తిన్రు అని. నా చూపు మాత్రం దండెం మీదుంటుంది. మొన్న శ్రావణంలో నాలుగు రోజులు ముసురు విడవలేదు. సరిగ్గా రెండో రోజే మా డ్రయ్యర్ మొరాయించింది.

మా ఇంట్లో బట్టలంటే మా నలుగురివే కాదు. అత్తమ్మ నిరుడు తుంటి ఎముక విరిగి మంచాన పడింది. పొద్దస్తమానం డైపర్ వేస్తే ఆమె ఒళ్లు ఒరుసుకుపోతుంది. అందుకని రాత్రికే వేసి, పగలు పాత నూలు చీరలు చింపి పరుస్తాను. రోజుకు ఏడెనిమిది గుడ్డలు, రెండు మూడు దుప్పట్లు ఉతకాలి. ఎండ ఉంటే గంటలో ఆరిపోతాయి. ముసురులో డ్రయ్యరే దిక్కు.

మాది సెమీ ఆటోమేటిక్ మిషన్. ఉతికే టబ్బు పక్కనున్న చిన్న టబ్బునే మనం డ్రయ్యర్ అంటాం. నిజానికి అది ఆరబెట్టదు, గిరగిరా తిప్పి నీళ్లు పిండుతుంది, అంతే. ఆ రోజు టైమర్ తిప్పితే ‘గుంయ్’మని మూలిగింది కానీ తిరగలేదు. నాలుగుసార్లు తిప్పి చూశాను. కాలిన వాసన వచ్చేసరికి భయమేసి ప్లగ్ తీశాను. మెకానిక్‌కు ఫోన్ చేస్తే, “వాన తగ్గినంక వస్త మేడం” అన్నాడు.

చేత్తో పిండి వంటింట్లో తాడు కట్టాను. కిటికీలు మూసి, గ్యాస్ పొయ్యి సన్నగా వెలిగించి గుడ్డలు పైన వేశాను. ఇది నేనొక్కదాన్నే చేసే పని కాదని నాకు తెలుసు. వానాకాలంలో ఎంతమంది ఇళ్లల్లో ఇదే తంతు! అత్తమ్మ దగ్గిందని లోపలికి పోయి వచ్చేసరికి ఒక గుడ్డ జారి, అంచు నల్లగా మాడి పొగ వస్తోంది. గబుక్కున లాగి సింకులో పడేశాను. ఇంకో రెండు నిమిషాలు ఆలస్యమైతే? లోపల లేవలేని మనిషి ఉంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

డాలస్‌లో ఉన్న మా చెల్లెకు ఫోన్‌లో చెప్తే ముందు బాగా తిట్టింది. “అక్కా, గ్యాస్ మండితే ఆవిరి కూడా వస్తది. తలుపులు మూసినంక ఆ తేమ యాడికి పోతది? బట్టలు ఆరకపోగా నీకు పీల్చే గాలి పాడైతది” అంది. వాళ్లింట్లో గ్యాస్‌తో నడిచే డ్రయ్యరే ఉంది. డ్రమ్మును కరెంటు మోటారు తిప్పుతుందట, గ్యాస్ మంట గాలిని వేడి చేస్తుందట. ఆ వేడిగాలి బట్టల్లోంచి పోయి, తేమనూ పొగనూ తీసుకుని గొట్టం గుండా ఇంటి బయటికి వెళ్తుందట. అది బయటికి పోవడమే ముఖ్యం. గొట్టంలో బట్టల నూగు పేరుకుంటే బట్టలు ఆరవు, అది అంటుకునే ప్రమాదమూ ఉంది. గ్యాస్ వాసన వస్తే స్విచ్చులు ముట్టకుండా అందరూ బయటికి నడవాల్సిందే.

రెండు నెలల కింద దానిదీ ఆగిందట. డ్రమ్ము తిరుగుతోంది, వేడి లేదు. చూస్తే గొట్టం నిండా నూగు. లోపల వేడి ఎక్కువై, కాపలాకు పెట్టిన చిన్న ఫ్యూజు పోయింది. “ఫ్యూజొక్కటే మారిస్తే మల్ల పోయేది. అది ఎందుకు పోయిందో చూడాలె గద. మిషన్ ఆగిపోయిందని ఊకోకు అక్కా, ఏ పని చేస్తుంది, ఏ పని ఆగింది చూడు” అంది.

ఆ మాట పట్టుకుని తెల్లారి మిషన్ ముందు కూర్చున్నాను. మూలుగుతోందంటే మోటారుకు కరెంటు అందుతోంది. మూత స్విచ్చు పోతే ఆ మూలుగు కూడా ఉండదు. అంటే టబ్బును ఏదో పట్టుకుని ఉండాలి, లేదా కెపాసిటర్ బలం తగ్గి ఉండాలి. మూత తెరిస్తే బ్రేకు పడుతుంది కనుక అప్పుడు టబ్బు బిగుసుగా ఉండటం జబ్బు కాదు. ప్లగ్ తీసి, టబ్బు చుట్టూ సందులోకి సెల్‌ఫోన్ లైటు వేశాను. అడుగున పచ్చటి గుడ్డ కొస. అత్తమ్మ చీర ముక్క!

మా చిన్నోడు వెనక డొప్ప విప్పాడు. కెపాసిటర్ జోలికి పోవద్దని ముందే చెప్పాను, ప్లగ్ తీసినా అది కరెంటు దాచుకుంటుంది. వాడు బ్రేకు తీగ లాగి పట్టుకుంటే, నేను టబ్బును వెనక్కి తిప్పుతూ హ్యాంగర్ కొక్కెంతో మెల్లగా లాగాను. ఇరుసుకు చుట్టుకున్న గుడ్డ అరగంటకు బయటికొచ్చింది. తప్పు నాదే. బట్టల మీద అదిమి పెట్టాల్సిన జాలీ మూతను మనీప్లాంట్ కుండీ కింద పెట్టుకున్నాను. అది లేకపోతే చిన్న గుడ్డలు ఎగిరి సందులో పడతాయి. డొప్ప బిగించి టైమర్ తిప్పాను. తిరిగింది! నాకైతే ప్రాజెక్టు గేట్లు ఎత్తినంత సంబరం.

పిండిన గుడ్డలు ఫ్యాను కింద వేసి, ఆరిన ఒక్క దుప్పటి పట్టుకుని అత్తమ్మ గదికి పోయాను. మంచం పక్కన పొద్దున పెట్టిన చెంబు నిండుగా అట్లే ఉంది. అప్పుడు తట్టింది. రెండు రోజుల నుంచి ఉతికే గుడ్డలు సగానికి తగ్గాయి. తగ్గాయని నేను లోలోపల సంతోషపడ్డాను కూడా.

“మంచినీళ్లు ఎందుకు తాగుతలేవు అత్తమ్మా?”

మొదట మాట్లాడలేదు. పెదవులు ఎండి పొట్టు లేచి ఉన్నాయి. “తాగితే మల్ల తడుపుత గద బిడ్డా. ఆరిన బట్ట ఏడున్నది? పొయ్యి మీద కాలవెట్టుకుంటివి…”

నాకు నోట మాట రాలేదు. డ్యాం కడుతున్న రోజుల్లో ఈ ఇంటికి కోడలుగా వచ్చి, గోదారి బండల మీద ఇంటిల్లిపాది బట్టలు ఉతికిన మనిషి. ఇప్పుడు నాకు పని తగ్గించాలని గొంతు ఎండబెట్టుకుంది. మిషన్ కనీసం మూలిగింది, నేను విన్నాను. ఈమె మూలగను కూడా లేదు.

ఇంట్లో పెద్దవాళ్లు మంచాన ఉన్నవాళ్లకు ఒక్క మాట. తడిగుడ్డలు తగ్గితే సంబరపడకండి, ముందు చెంబు చూడండి. నేనిప్పుడు పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం చెంబు ఎంత తగ్గిందో చూస్తున్నాను.

ఆ రోజు పక్కన కూర్చుని గుటక గుటకగా రెండు గ్లాసులు తాగించాను. దీపాలు పెట్టే వేళకు మెల్లగా పిలిచింది, “బిడ్డా… తడిసింది.”

“తడవనీ అత్తమ్మా” అన్నాను. దుప్పటి తీసి ఉతికాను. డ్రయ్యర్‌లో వేసి, జాలీ మూత అదిమి పెట్టి, టైమర్ తిప్పాను.