కాతిబు కూలి

పరీక్షలో చీటీ పెట్టిన విద్యార్థిని బయటకు పంపడానికి మేమెన్నడూ వెనుకాడలేదు. కాని కొన్నేళ్ళ క్రితం కళాశాల వార్షిక సంచిక బాధ్యత మామీద పడినప్పుడు, మేమే చీటీ పెట్టి పరీక్ష రాశాము.

ఉర్దూ భాగం కూర్చడానికి నస్తాలిఖ్ లిపి గల సాఫ్ట్‌వేరు కావాలి. కొనడానికి సొమ్ము లేదు. కంపోజింగు చేసే కుర్రవాడు దొంగప్రతి ఒకటి తెచ్చి, "అందరూ వాడేది ఇదే సార్" అన్నాడు. దాని తాళం విప్పే చిన్న ప్రోగ్రాము నడవాలంటే వైరస్‌ను అడ్డుకునే ఏర్పాటును కాసేపు ఆపాలన్నాడు. తల ఊపాము. కాపలావానిని పంపివేసి తలుపు తెరిచిన ఇంట్లోకి దొంగ రాడా? అచ్చుకు వెళ్ళడానికి వారం ముందు ఒక్క ఫైలూ తెరుచుకోలేదు. విద్యార్థులు రాసిచ్చిన కాగితాలను అప్పటికే పారవేశాము.

ఒక విద్యార్థిని తన వ్యాసాన్ని మళ్ళీ రాసి ఇచ్చింది. అది హైదరాబాదు ఛత్తాబజారులో కితాబత్ చేసిన తన తాతగారిని గురించినది. ఆయనకు పుటకింతని కూలి. కంప్యూటరు వచ్చిన పిదప ఆ కూలి పోయింది. మొదటిసారి అచ్చుతప్పులు మాత్రమే చూసిన మేము, రెండవసారి ఆ వ్యాసాన్ని చదివాము.

ఇంతకూ ఆ కంప్యూటరు అక్షరం ఎక్కడిది? 1981లో వెలువడిన నూరీ నస్తాలిఖ్ కొరకు మీర్జా అహ్మద్ జమీల్ సుమారు 20,000 అక్షరాల జోడింపులను చేతితో రాశారు. 1994లో ఢిల్లీలో తయారైన ఇన్‌పేజ్ ఆ లిపినే వాడుకున్నది. యంత్రం వెనుక ఉన్నదీ ఒక కాతిబు చేయే. మేము ఎగవేసినది ఏదో కంపెనీ లాభమనుకున్నాము. అది చేతిపని కూలి కూడా.

1957 నాటి కాపీరైటు చట్టంలో 1994 సవరణ చేర్చిన 63బి సెక్షను ప్రకారం, దొంగప్రతి అని తెలిసి వాడినవారికి కనీసం 7 రోజుల జైలు, 50,000 రూపాయల జరిమానా. లాభాపేక్ష లేనిచోట జైలు తప్పించే వెసులుబాటు న్యాయస్థానానికి ఉన్నది. మా మనస్సాక్షి ఆ వెసులుబాటు ఇవ్వలేదు.

పేద కళాశాలకు వేరే దారి లేదా? ఉన్నది. లిబ్రె ఆఫీసు, నోటో నస్తాలిఖ్ ఉర్దూ, తెలుగులో మండలి, గురజాడ వంటి ఖతులు చేసినవారి అనుమతితోనే ఉచితంగా లభిస్తున్నాయి. మరుసటి సంచికను వాటితోనే కూర్చాము. ఉర్దూ పుటలలో మునుపటి సొగసు లేదని పెద్దలన్నారు. నిజమే కావచ్చు. కాని ఆ ఏడు పరీక్ష గదిలో ఒక చీటీ దొరికినప్పుడు, ఆ విద్యార్థి ముఖంలోకి సూటిగా చూడగలిగాము.